వండేటప్పుడు తలుపు వీపు వెనక, స్టవ్ పక్కనే సింకు: గట్టు పగలగొట్టక్కర్లేదు

మీ ప్రశ్న ఇదీ: విశాఖ మధురవాడలో ఫ్లాటు, వంటగట్టు తూర్పు గోడకి, వండేటప్పుడు తలుపు వీపు వెనక్కి వస్తోంది, స్టవ్‌కీ సింకుకీ మధ్య 14 అంగుళాలే ఉంది, ఫెంగ్‌షుయ్ (చైనా వాస్తు) ప్రకారం గట్టు మార్చాలా అని. అక్కర్లేదండీ.

ఆగ్నేయంలో వంటిల్లు, తూర్పు ముఖంగా వంట అనేవి వాస్తు మాటలు. ఫెంగ్‌షుయ్ వంటింట్లో ముందు చూసేది, వండే మనిషికి తలుపు కనబడుతోందా లేదా అని. మీ గట్టు దిక్కు వాస్తుకి కుదిరింది, ఫెంగ్‌షుయ్‌కి కుదరలేదు. స్టవ్ కదపకుండా రెండూ కలవాలంటే తలుపు మీ కళ్లముందు ప్రతిబింబంగా కనబడాలి.

అలాగని గాజు అద్దం పెట్టకండి. సెగకి పగులుతుంది, పగలకపోయినా మన ఉప్పుగాలికి అంచుల్లో పూత లేచి నల్లమచ్చలు పడతాయి. 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు, మిర్రర్ ఫినిష్, 1 మి.మీ. మందం షీటు చాలు. అడుగున్నర వెడల్పు, అడుగు ఎత్తు కోయించండి. మీరు స్టవ్ ముందు మామూలుగా నిలబడండి, ఇంకొకరిని గుమ్మంలో నిలబెట్టండి, చేతి అద్దాన్ని టైల్స్ మీద జరుపుతూ ఆ మనిషి ముఖం కనబడినచోట పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. అంటించే ముందు టైల్ మీద జిడ్డు పూర్తిగా పోవాలి. డబుల్ టేపు సెగకి ఊడిపోతుంది. న్యూట్రల్ సిలికాన్ జిగురు వాడి ఒకరోజు పొయ్యి వెలిగించకుండా వదిలేయండి. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ లోహాన్ని తినేస్తుంది, అది వద్దు. తుడవడానికి మెత్తటి గుడ్డే. స్టీలు పీచు రుద్దితే గీతలు పడి ఇక తలుపు కనబడదు.

ఇంత పని ఎందుకు అనుకుంటే, కారు అద్దాలకి అంటించే 2 అంగుళాల గుండ్రటి కుంభాకార అద్దాన్ని సెగ తగలని పక్కగా పెట్టినా సరిపోతుంది.

ఇక నీరు, నిప్పు, అంటే సింకూ స్టవ్వూ. ఫెంగ్‌షుయ్ చెప్పే ఐదు ధాతువుల (చెట్టు, నిప్పు, మట్టి, లోహం, నీరు) వరసలో నీరు చెట్టుని పెంచుతుంది, చెట్టు నిప్పుని పెంచుతుంది. అందుకే ఈ రెంటి మధ్య చెక్క పెట్టమంటారు. అంగుళం మందం టేకు పలకని సింకు వైపుకి జరిపి నిలబెట్టండి, బర్నర్‌కి కనీసం 8 అంగుళాల దూరం ఉండాలి. అడుగున నాలుగు రబ్బరు బొడిపెలు తప్పనిసరి. లేకపోతే నీళ్లు నిలిచి వానాకాలంలో కింద అంచు నల్లగా బూజు పడుతుంది. మామిడి చెక్క అయితే ఇంకా త్వరగా ఉబ్బుతుంది. షాపుల్లో అమ్మే ప్లాస్టిక్ ఆకులు ఈ పని చేయవు, జిడ్డు పట్టి సెగకి వంకర్లు పోతాయి.

కిటికీ ఎక్కడుందో మీరు రాయలేదు. స్టవ్‌కి సరిగ్గా వెనకుంటే మాత్రం జాగ్రత్త. ఫెంగ్‌షుయ్ దాన్ని ఆసరా లేని పొయ్యి అంటుంది. మన ఊళ్లో దానికి నేరుగా అర్థం ఉంది: విశాఖకి సముద్రం ఆగ్నేయం వైపే. వాస్తు చెప్పిన మూలలోకే మధ్యాహ్నం గాలి దూసుకొస్తుంది. సిమ్‌లో పెట్టిన పప్పు కింద మంట ఆరిపోయినా గ్యాస్ మాత్రం వస్తూనే ఉంటుంది. కిటికీ కింది సగానికి గట్టి గాజు బిగించి, పై సగం తెరిచి ఉంచండి. మొత్తం మూసేయొద్దు. గ్యాస్ గాలికంటే బరువు, కాబట్టి సిలిండర్ అరలో నేలకి దగ్గరగా ఉన్న గాలి రంధ్రాలకీ ఏదీ అడ్డం పెట్టకండి.

బర్నర్లన్నీ వంతులవారీగా వాడమనడం కూడా ఫెంగ్‌షుయ్‌లో భాగమే, స్టవ్‌ని సంపదకి గుర్తుగా చూస్తారు మరి. వాడని బర్నర్‌లో పొంగిన పాలూ సాంబారూ ఎండి రంధ్రాలు మూసుకుపోతాయి, మంట పసుపుగా వస్తుంది. చల్లారాక పిన్నీసుతో తీయండి, అగ్గిపుల్లయితే లోపల విరుగుతుంది. కడిగితే పూర్తిగా ఆరాకే పెట్టండి.

కత్తులు గోడకి వేలాడదీయకుండా సొరుగులోకి మార్చేయండి, దానికి ఐదు నిమిషాలు.