టెక్ సందేహాలు: రెక్కల్లేని ఫ్యాన్‌కు గాలి ఎక్కడిది?

ప్రశ్న: రెక్కల్లేని ఫ్యాన్ రింగులో చెయ్యి పెడితే ఏమీ తగలదు. మరి గాలి ఎలా వస్తోంది?

రెక్కలు ఉన్నాయి, మనకు కనపడవంతే. కింది దిమ్మలో ఒక ఇంపెల్లర్ (గాలిని లాగి నెట్టే చిన్న రెక్కల చక్రం), దాన్ని తిప్పే బ్రష్‌లెస్ మోటారు ఉంటాయి. దిమ్మ చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల్లోంచి గాలిని లాగి, పైనున్న బోలు రింగులోకి ఒత్తిడితో ఎక్కించడం వాటి పని. రింగు లోపలి అంచున, వెనకవైపు, చుట్టూతా ఒక సన్నని చీలిక ఉంటుంది. అసలు ఫ్యాన్ అదే.

2009లో డైసన్ కంపెనీ తెచ్చిన తొలి మోడల్‌లో ఆ చీలిక వెడల్పు 1.3 మిల్లీమీటర్లు. రింగు వ్యాసం 25 సెంటీమీటర్లనుకుంటే చీలిక మొత్తం వైశాల్యం 10 చదరపు సెంటీమీటర్లు దాటీదాటనట్టు ఉంటుంది. అంత ఇరుకులోంచి సెకనుకు 27 లీటర్ల గాలి పోవాలంటే వేగం సెకనుకు 26 మీటర్లు ఉండాలి. అంటే గంటకు 90 కిలోమీటర్ల పైమాటే.

అలా దూసుకొచ్చిన పలుచని గాలి పొర నేరుగా పోకుండా, రింగు లోపలి వంపును అంటిపెట్టుకుని ముందుకు జారుతుంది. దీన్నే కోఆండా ప్రభావం అంటారు. రుమేనియా ఇంజినీరు హెన్రీ కోఆండా పేరు మీదుగా వచ్చిన మాట. చాలామంది కుళాయి ధారకు చెంచా వీపు ఆనించి దీన్ని చూపిస్తారు. నీటికి తలతన్యత (సర్ఫేస్ టెన్షన్) తోడవుతుంది కాబట్టి అది సరైన ఉదాహరణ కాదు. గుండ్రటి సీసా వెనక కొవ్వొత్తి వెలిగించి, ఇవతలి నుంచి సీసా మీదికి ఊదండి, ఆరిపోతుంది. సీసా తీసి అంతే వెడల్పున్న అట్టపెట్టె పెడితే మంట అటూ ఇటూ ఊగుతుందే తప్ప ఆరడం కష్టం. గుండ్రటి ఒంపు వెంట గాలి తిరుగుతుంది, పదునైన మూల దగ్గర విడిపోతుంది.

ప్రశ్న: ‘గాలిని 15 రెట్లు చేస్తుంది’ అని డబ్బా మీద రాశారు. లేని గాలి ఎక్కడి నుంచి వచ్చింది? శక్తి కూడా 15 రెట్లవుతుందా?

గాలి గదిలోదే. చీలికలోంచి వచ్చే వేగమైన పొర పక్కనున్న నిశ్చల గాలిని ఒరుసుకుంటూ పోతుంది. ఆ ఒరిపిడిలో చిన్న చిన్న సుడులు పుట్టి, పక్క గాలిని కూడా తమతో లాక్కుపోతాయి. వంపు మీద పీడనం కాస్త తగ్గడంతో రింగు వెనకున్న గాలి మధ్యలోంచి ముందుకొస్తుంది. రింగు దాటాక చుట్టుపక్కల గాలి కూడా కలుస్తుంది. ఒక టిష్యూ పేపరు పీలికను రింగు వెనక పట్టుకుంటే లోపలికి వంగుతుంది, చూడండి.

దీన్నంతా బెర్నూలీ సూత్రం (వేగం పెరిగేచోట పీడనం తగ్గుతుందన్నది) ఖాతాలో వేసేయడం మామూలే గానీ, అది సగం మాటే. ఖాళీలోకి దూకిన గాలి ధార పీడనం దాదాపు చుట్టూ ఉన్న గాలి పీడనమే. వేగంగా పోతోంది కాబట్టి పీడనం తగ్గిపోయిందనడం అక్కడ కుదరదు. వంపు తిరిగేచోట మాత్రమే పీడనం తగ్గుతుంది. మిగతా పనంతా సుడులదే.

ఇక శక్తి సంగతి. 27 లీటర్ల గాలి ద్రవ్యరాశి 32 గ్రాములు. సెకనుకు 26 మీటర్ల వేగంతో పోతుంటే అందులోని శక్తి దాదాపు 11 వాట్లు. అది 15 రెట్ల గాలిని కలుపుకొంటే ద్రవ్యవేగం (ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది) మారదు కాబట్టి వేగం 15వ వంతుకు, అంటే 1.7 మీటర్లకు పడిపోతుంది. శక్తి కూడా 15వ వంతే, ముప్పావు వాటు కన్నా తక్కువ. వంపు మీది అల్పపీడనం వల్ల ఈ లెక్క కొంచెం అటూ ఇటూ కావచ్చు, కానీ దిశ మారదు. మిగతా 10 వాట్లు సుడుల్లో నలిగి వేడిగా మారిపోతాయి. పెరిగింది గాలి పరిమాణమే. శక్తి పెరగకపోగా పోయింది.

అందుకే అదే కరెంటుకు పెద్ద రెక్కల ఫ్యాన్ ఎక్కువ గాలినిస్తుంది. అది ఎక్కువ గాలిని మొదటి నుంచీ నెమ్మదిగా నెడుతుంది, మధ్యలో ఈ నష్టం ఉండదు. పిల్లల వేళ్లకు భయం లేకపోవడం, తుడుచుకోవడం తేలిక కావడం, చూపుకు బాగుండడం కోసమైతే రెక్కల్లేనిది కొనుక్కోండి. కరెంటు ఆదా కోసమైతే వద్దు.

ప్రశ్న: 3డీ ప్రింటర్‌తో రింగు చేసి, కంప్యూటర్ క్యాబినెట్‌కు వాడే 120 మిల్లీమీటర్ల ఫ్యాన్‌ను దాని కింద పెట్టాను. చీలిక దగ్గర గాలి సరిగ్గా రావడం లేదు. డిజైన్‌లో తప్పుందా?

డిజైన్ ఎలా ఉన్నా ఆ ఫ్యాన్‌తో పని జరగదు. చీలికలోంచి గాలి 26 మీటర్ల వేగంతో రావాలంటే దాని వెనక 400 పాస్కళ్ల (పాస్కల్ అంటే పీడనానికి కొలమానం) పీడనం కావాలి. కంప్యూటర్ ఫ్యాన్‌ పెట్టె మీద స్టాటిక్ ప్రెషర్ అని రాసి ఉంటుంది, సాధారణంగా 2 లేదా 3 మిల్లీమీటర్ల నీటి మట్టం. అంటే 20 నుంచి 30 పాస్కళ్లు. అది కూడా గాలి అసలు కదలనప్పటి లెక్క. గాలి కదలడం మొదలుపెడితే ఇంకా తగ్గుతుంది. చీలిక దగ్గర మీకు 5 మీటర్ల వేగం దక్కితే గొప్పే. అప్పుడు ధార తోపుడు బలం తొలి మోడల్‌లో ఉన్నదానిలో 27వ వంతు.

కావాల్సింది బ్లోయరు. గాలిని పక్కకు విసిరే సెంట్రిఫ్యూగల్ రకం కావచ్చు, గాలిని ఏటవాలుగా నెట్టే మిశ్రమ ప్రవాహపు ఇంపెల్లర్ కావచ్చు. రింగులోని మలుపుల నష్టం కూడా కలిపి సెకనుకు 27 లీటర్ల దగ్గర 500 నుంచి 600 పాస్కళ్లు ఇవ్వగలగాలి. అందుకు గాలికి అందాల్సిన శక్తే 16 వాట్లు. ఇంపెల్లర్, మోటారు నష్టాలు కలిపితే 35 నుంచి 40 వాట్లు తింటుంది. అంత వద్దనుకుంటే రింగు చిన్నది చేయండి, చీలిక మాత్రం వెడల్పు చేయకండి.

బ్లోయరు మార్చాక రింగులో మూడు చోట్లు చూడండి. గాలి దిమ్మ నుంచి రెండు వైపులా చీలి పైకి పోతుంది కదా, ఆ ఒక్కో గొట్టం లోపలి వైశాల్యం తనవైపు చీలిక వైశాల్యానికి కనీసం 3 రెట్లు ఉండాలి. 25 సెంటీమీటర్ల రింగుకు ఒక్కోవైపు 15 చదరపు సెంటీమీటర్లు. అంతకంటే ఇరుకైతే కింద ఒకలా, పైన ఒకలా గాలి వస్తుంది. తర్వాత, చీలిక పెదవులు ఒకదాని మీదికొకటి కొంచెం ఎక్కి ఉండి, గాలిని వంపుకు సమాంతరంగా వదలాలి. సూటిగా మధ్యలోకి వదిలితే అంటుకోదు. చివరగా, ముందుకు పోయేకొద్దీ రింగు గోడ మెల్లగా విచ్చుకోవాలి, 15 డిగ్రీల దగ్గర ఆపండి. ఎక్కువ విచ్చుకుంటే పొర గోడను వదిలేస్తుంది. ప్రింటు గీతలు పెదవి మీద ఉంటే గరుకు కాగితంతో రుద్దేయండి, లేకపోతే ఈల మోగుతుంది.

ప్రశ్న: కొన్న ఏడాదికి గాలి తగ్గింది, పైగా ఈల శబ్దం. మోటారు పోయినట్టేనా?

చాలావరకు దుమ్మే. 1.3 మిల్లీమీటర్ల చీలికలో 0.3 మిల్లీమీటర్ల దుమ్ము పేరుకున్నా అక్కడ దారి నాలుగో వంతు మూసుకుపోయినట్టే. ఎగుడుదిగుడు అంచు మీద గాలి కోసుకుని ఈల వేస్తుంది.

ఫ్యాన్ నడుస్తుండగా టిష్యూ పీలికను చీలిక ముందు పైన, కింద, రెండు పక్కలా పట్టుకుని చూడండి. ఒకచోట మాత్రమే రెపరెపలు తగ్గితే అక్కడ దుమ్ముంది. అన్నిచోట్లా సమానంగా తగ్గితే లోపం కింద ఉంది. దిమ్మ రంధ్రాలైనా మూసుకుపోయి ఉండాలి, ఎయిర్ ప్యూరిఫయర్ కలిసిన మోడలైతే ఫిల్టర్ అయినా నిండిపోయి ఉండాలి. రింగు, దిమ్మ కలిసే అతుకు దగ్గర పీలిక కదిలితే రింగు సరిగ్గా కూర్చోలేదు, లేదా సీలు జారింది.

శుభ్రం చేసేముందు ప్లగ్ తీసేయండి. రింగును గుర్తు దాకా తిప్పి విడదీయండి. కొన్నిటికి బటన్ నొక్కాలి. మెత్తటి పెయింట్ బ్రష్‌ను చీలిక వెంట ఒకే దిశలో నడిపిస్తూ, పక్కనే వాక్యూమ్ క్లీనర్ గొట్టం పట్టుకోండి. దిమ్మ రంధ్రాలకూ వాక్యూమే. నీళ్లు, స్ప్రేలు వద్దు. పిన్నీసు, చాకు అసలే వద్దు, పెదవి ఒక్కసారి వంగితే ఆ ఈల శాశ్వతం. హెపా ఫిల్టర్‌ను (ప్యూరిఫయర్ మోడళ్లలో సన్నని దుమ్మును పట్టేది), కడగవచ్చని మాన్యువల్‌లో ఉంటే తప్ప కడగకండి.

ఇంత చేశాక కూడా గరగరమంటుంటే బేరింగ్ అరిగి ఉండొచ్చు, అది సర్వీసు వాళ్ల పని.

ప్రశ్న: ఎక్కువ స్పీడులో హోరు భరించలేకపోతున్నాం. మార్గముందా?

స్పీడు 20 శాతం తగ్గించండి. గాలి అంతే నిష్పత్తిలో తగ్గుతుంది గానీ, ఇంపెల్లర్‌కు పట్టే శక్తి వేగం ఘనంతో మారుతుంది కాబట్టి దాదాపు సగమవుతుంది. శబ్దం సుమారు 5 డెసిబెల్స్ తగ్గుతుంది. గోడకు అంటించి పెట్టి ఉంటే కనీసం ఒక అడుగు ముందుకు జరపండి, వెనక నుంచి గాలి అందకపోతే ‘15 రెట్లు’ అన్నది కాగితానికే పరిమితం.

ప్రశ్న: ఇది గదిని చల్లబరుస్తుందా?

లేదు. ఏ ఫ్యాన్ అయినా చెమటను ఆరబెట్టి మనిషిని చల్లబరుస్తుంది. మోటారు వాడుకున్న 40 వాట్లూ గదిలోనే వేడిగా మిగులుతాయి. మనుషులు లేని గదిలో ఆపేయండి.

ప్రశ్న: మెడకు వేసుకునే ‘బ్లేడ్‌లెస్’ ఫ్యాన్లు కూడా ఇదే పద్ధతా?

కాదు. రెండు కొసల్లో చిన్న బ్లోయర్లు ఉంటాయి, గాలి వరుస రంధ్రాల్లోంచి మెడ మీదికి వస్తుంది. ఒంపున్న రింగు లేదు, వెనక గాలిని లాగడమూ పెద్దగా లేదు. అందులో రెక్కలకు జుట్టు చుట్టుకోదన్నదే ప్రయోజనం. జుట్టు, నూలుపోగులు బ్లోయర్ జాలీ మీద పేరుకోకుండా వారానికోసారి బ్రష్‌తో దులపండి.