లక్షా 65 వేల గిటార్ చూసొచ్చి 22 వేలది ఎందుకు కొన్ననంటే

"నాలుగేండ్ల సంది వాయిస్తున్న, ఈఎంఐ మీద లక్షన్నర గిటార్ తీసుకోవాల్నా, 20-25 వేలది సరిపోతదా" అని అడిగిండ్రు. వరంగల్లనే ఉంటనని కూడ రాసిండ్రు కాబట్టి సూటిగ చెప్తున్న, 20-25 వేలదే తీసుకోండ్రి, ఈఎంఐ జోలికే పోకుండ్రి. ఎందుకో చెప్తా, జర పొడుగుంటది.

మాది కాజీపేట. చర్చిల క్వైర్‌కు వాయించుకుంట నేర్చుకున్న, ఎవరో ఒకరి గిటార్ అడుక్కొనుడే, నాకంటూ సొంతది లేకుండె. 2022ల చిట్టీ ఎత్తుకుంటే లక్షా డెబ్బై వేలు చేతికొచ్చినయ్. ఇగ జిందగీల ఒక్కటే గిటార్ కొంట, కొంటే మంచిదే కొంట అని మనసుల గట్టిగ అనుకొని బాపును తీసుకొని సికింద్రాబాద్ పోయిన. బాపు కాజీపేట రైల్వే డీజిల్ షెడ్‌ల 33 ఏండ్లు ఫిట్టర్‌గ చేసి రిటైర్ అయిండు, ఆయనకు రైలు పాస్ ఉంటది, నేను టికెట్ తీసుకున్న.

షాపుల గిటార్లన్నిటికి ఒక ఏసీ గది. నేను అనుకున్నది లక్షా 65 వేలది, అంతా అసలు చెక్క, అంటే పొరలు అతికించని ఒంటి చెక్క, మీది పలకే కాదు వెనక, పక్కలు కూడ. దాని పక్కకే యమహా ఎఫ్‌జీ 800 ఉండె, 22 వేలు, మీది పలక ఒక్కటే అసలు స్ప్రూస్ చెక్క, మిగతాదంత పొరలు పొరలుగ అతికించిన చెక్క. షాపుల పిల్లగాడు మంచోడు, నేను గోడ దిక్కు తిరిగి నిలబడితే రెండూ మార్చి మార్చి వాయించిండు. ఐదుసార్లు వాయిస్తే ఐదుసార్లూ ఏది ఖరీదుదో చెప్పిన. లావు తీగె మీటినంక ఆ మోత గదిల అట్లనే నిలబడ్తది, మెల్లగ వాయించినా ఒక్కొక్క తీగె విడివిడిగ వినిపిస్తది. రెండిట్ల తేడా ఏం లేదు, అంత పేరుకే పైసలు అనేటోళ్ళ మాట నమ్మకుండ్రి, వాళ్ళు పక్కపక్కన పెట్టి విననే విన్లేదు. తేడా ఉన్నది. అయినా నేను 22 వేలదే తెచ్చుకున్న.

బాపు అప్పటిదాక ఒక్క మాట మాట్లాడలె, ఆఖరుకు ఒకటే అడిగిండు, "బాబూ, దీనికి ఏమన్నైతే మాకాడ ఎవరు చేస్తరు?" ఆ పిల్లగాడు అన్నడు, "అంకుల్, దీన్ని ఎవరితోని పడితే వాళ్ళతోని ముట్టించొద్దు, ఇక్కడికే తేవాలె, గదిల తేమ కూడ చూసుకోవాలె." తేమ కొలిచే చిన్న మీటర్ ఒకటి, కేసుల పెట్టే ప్యాకెట్లు కొన్ని చూపిచ్చిండు. ఆ పిల్లగాడు అబద్ధం చెప్పలె. 1833 సంది గిటార్లు చేస్తున్న మార్టిన్ కంపెనోళ్ళు కూడ అదే అంటరు, 22 నుంచి 25 డిగ్రీల వేడిల, 45 నుంచి 55 శాతం తేమల పెట్టుకోవాలె అని. మరి మన మే నెల ఎట్లుంటది? 44, 45 డిగ్రీలు, వడగాలికి తలుపుల చెక్కలే పగుళ్ళిస్తయ్. రాత్రి కూలర్ ఏస్తే అదే గదిల బట్టలు కూడ మెత్తబడ్తయ్. జూలైల ముసురు పట్టిందంటే డబ్బాల ఉప్పు నీళ్ళయితది. చెక్క ఎండితే కుంచించుకుపోతది, తడికి ఉబ్బుతది, ఒంటి చెక్కకు అది ఎక్కువ. పొరల చెక్కల ఒక పొర నార నిలువుగ, ఇంకో పొర నార అడ్డంగ ఉంటది కాబట్టి ఒకదాన్నొకటి పట్టుకొని ఉంటయ్.

ఇది పుస్తకంల చదివి చెప్తలేను. మా క్వైర్‌ల ఒక అన్న లక్ష దాటినది కొన్నడు. ఎండాకాలం రెండు నెలలు ఊరికి పోయి దాన్ని కేసుల పెట్టి బీరువ మీద పెట్టిండు, తీగెలు బిగిచ్చే ఉన్నయ్. ఆరు తీగెలు కలిపి ఆ మీది పలకను దగ్గర దగ్గర 70 కిలోల బరువుతోని గుంజుతయ్. వచ్చి తీసేసరికి బ్రిడ్జి, అంటే మీది పలక మీద తీగెలు కట్టే చెక్క ముక్క, దాని కింద నార వెంబడి పగులు, బ్లేడు దూరేటంత. హైదరాబాద్ పంపి అతికిపిచ్చిండు గని అప్పటిసంది ఆ గిటార్ ఇల్లు దాటలె. క్రిస్మస్ ముందు మేమంత రాత్రిపూట రైల్వే కాలనీల ఇల్లిల్లు తిరిగి పాడ్తం, చలి, మంచు, బండి వెనక గిటార్ తగిలిచ్చుకొని పోవుడు, పిల్లలు వచ్చి తీగెలు గుంజుడు, అన్నీ ఉంటయ్. ఆ అన్న గిటార్ లేకుండ వచ్చి చప్పట్లు కొడ్తడు. మా అందరికంటె మంచిగ వాయించే మనిషి. నాకు మస్తు బాధయితది.

ఇగ మీరు అడగని సంగతి, నాకు చెప్పాలని ఉన్న సంగతి ఇది. కొత్తది తెచ్చి వారం వాయిస్తే వేళ్ళు మంట. బి మైనర్ అనే కార్డ్ పట్టుకుంటే చెయ్యి లాగుతది. నాకు చాతనైతలేదేమో అనుకున్న. ఆదివారం చర్చి నుంచి వచ్చినంక బాపు చూసి "ఇటు తే" అన్నడు. గిటార్‌ను కంటి కాడికి ఎత్తి, మెడ పొడుగూత ఒక కన్ను మూసి చూసిండు, షెడ్‌ల రాడ్ వంకర చూసినట్టు. మెడ మంచిగనే ఉన్నది. సజ్జ మీద నుంచి డబ్బా దించి ఫీలర్ గేజ్ తీసిండు, ఇంజన్ పనికి పలుచటి స్టీలు రేకులు ఉంటయ్ సూడు, అవి. పన్నెండో ఫ్రెట్ (మెడ మీద అడ్డంగ ఉండే గడి గీత) కాడ లావు తీగె కింద ఒకటి మీద ఒకటి పెట్టుకుంట పోతే 3.4 మిల్లీమీటర్లు తేలింది. నేను ఫోన్ల చూసి చెప్పిన, 2.4 దాక ఉంటే మంచిదంట, అట్ల కావాల్నంటే బ్రిడ్జి మీద తెల్లగ పట్టీ లెక్క ఉంటది కద, శాడిల్, దాన్ని రెండు మిల్లీమీటర్లు అరగదియ్యాలె అని. "ఒకటి తగ్గాల్నంటే రెండెందుకు?" అన్నడు. నాకు తెల్వలె. ఆయనే జరసేపు చూసి అన్నడు, "పన్నెండో గడి తీగెకు సరిగ్గ నడుమ ఉన్నది. నిచ్చెన ఒక కొస రెండడుగులు దించితే నడుమ మెట్టు అడుగే దిగుతది."

తీగెలు వదులు చేసి, ప్లయర్‌కు బట్ట చుట్టి శాడిల్ గుంజిండు. దాని అడుగంత పెన్సిల్‌తోని నల్లగ గీసి, అద్దం మీద ఎమరీ పేపర్ పరిచి దాని మీద రుద్దుడు, తిప్పి చూసుడు. నలుపు అంతట ఒక్కతీరుగ పోతే చదునుగ అరుగుతున్నట్టు, ఒక దిక్కే పోతే వంకర పోతున్నట్టు. అడుగు చదునుగ లేకుంటే శాడిల్ కింద సందు ఉండి మోత పోతది, అది నాకు తర్వాత తెలిసింది, ఆయనకు మాత్రం చెప్పకముందే తెలుసు. ఒక్కసారే రెండు మిల్లీమీటర్లు తియ్యలె, ఒకటిన్నర తీసి, పెట్టి, తీగెలు బిగిచ్చి, కొలిచి, మళ్ళ వదులు చేసి మిగతాది. పగటీలి రెండింటికి మొదలుపెడితే ఐదయింది, అమ్మ రెండుసార్లు చాయ్ పెట్టి రెండుసార్లు చల్లారింది. ఆఖరుకు 2.4. ఆ రోజు రాత్రి గంటన్నర వాయించిన, వేళ్ళు ఏం కాలె. తర్వాత 12 నంబర్ తీగెలు తీసి జర సన్నటియి, 11 నంబర్‌యి ఏసుకున్న, ఇంకా సుఖం.

ఇప్పుడు చెప్పుండ్రి, లక్షా 65 వేల గిటార్ అయితే బాపు ప్లయర్ పట్టుకునేటోడా? నేను పట్టుకోనిచ్చేటోణ్నా? చెయ్యి వెయ్యడానికి భయపడే వస్తువు ఇంట్ల ఉంటే అది మనది కాదు, షాపోనిదే.

ఇంకో కోపం ఉన్నది, అది కూడ చెప్తా. మూడు వేలకు ఆన్‌లైన్ల గిటార్ తెప్పిస్తరు పిల్లలకు, దాని తీగెలు మెడకు ఇంత ఎత్తుల ఉంటయ్, పిల్లగాడు ఏడ్చుకుంట ఒత్తుతడు, నేర్పే సారేమో "కాయలు కాస్తే అదే అలవాటైతది" అంటడు. ఆయన ఒక్కసారి స్కేలు పెట్టి కొలిస్తే ఏం పోతది? నేను చూసినోళ్ళల్ల గిటార్ ఇడిసిపెట్టినోళ్ళు ఎక్కువమంది ఇట్ల ఇడిసిపెట్టినోళ్ళే, ఆసక్తి లేక కాదు. అందుకే మూడు వేలది కూడ వద్దంటున్న. వీడియోలు చూసి లక్షలది కొనుడు కూడ అంతే తప్పు, వాళ్ళు మంచి మైకులు పెట్టి, చప్పుడు లేని గదిల రికార్డు చేస్తరు, మనం కీబోర్డు, డోలక్, ముప్పై గొంతుల నడుమ వాయిస్తం. షాపుల నేను పట్టిన ఆ తేడా మా చర్చిల ఎవ్వరికి పట్టదు, నాతోని సహా.

మీరు రికార్డింగులు చేసి దాని మీదనే బతకాలనుకుంటే, ఏసీ గది ఉంటే, అప్పుడు ఖరీదుది కొనుండ్రి, తప్పకుండ పనికొస్తది. లేదంటే 20-25 వేలల్ల మీది పలక అసలు చెక్కది తీసుకొని, తీగెల ఎత్తు సెట్ చేపిచ్చుకోనీకి రెండు వేలు పక్కకు పెట్టుకోండ్రి. షాపుల ట్యూన్ చేసి, మెడ పొడుగూత ప్రతి గడిల వాయించి చూసి కొనుండ్రి, చేయనియ్యకపోతే ఇంకో షాపుకు పోండ్రి. ఎండాకాలం కూలర్ ముందట, కార్ల మాత్రం పెట్టకుండ్రి, మూసిన కారు వేడికి జిగురు మెత్తబడి బ్రిడ్జి లేస్తది, అది ఏ రేటు గిటార్‌కైనా అంతే. నాకు మిగిలిన చిట్టీ పైసలతోని చెల్లె బీఈడీ ఫీజు కట్టినం, ఇంటి మీద రేకులు మార్పిచ్చినం.

కొన్నంక ఆదివారం ఎప్పుడన్న కాజీపేట దిక్కు వస్తే గిటార్ పట్టుకరాండ్రి. ఫీలర్ గేజ్ ఇంకా సజ్జ మీది డబ్బాలనే ఉన్నది, కొలిచి చూద్దం.