రామప్పలో మదనికలు నల్లగా ఎందుకు పడుతున్నాయి?

ప్రశ్న: ఆదివారం హనుమకొండ నుంచి కారులో బయల్దేరి లక్నవరం చెరువు, రామప్ప గుడి రెండూ చూసొచ్చాం. రామప్ప చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. ఫోన్‌తో తీసిన ఫొటోల్లో గుడి వెలిసిపోయినట్టుంది, చూరు కింద ఉండే మదనికలేమో (ఆడవాళ్ల శిల్పాలు) నల్లటి నీడల్లా వచ్చాయి. మంచి కెమెరా కొంటే తప్ప లాభం లేదా? (ఒక పాఠకురాలు, హనుమకొండ)

జవాబు: ఇందుకోసమైతే కెమెరా కొనకండి. ఫోన్ తప్పేమీ లేదు. మీరు వెళ్లిన వేళ, నిలబడిన చోటు మార్చుకుంటే చాలు.

గుడి గోడలు ఎర్రటి ఇసుకరాయి, మదనికలు నల్లరాయి. పైగా అవి ఎత్తులో, చూరు కింద నీడలో ఉంటాయి కాబట్టి మనం కింద నిలబడి ఫోన్ పైకెత్తగానే ఫ్రేములోకి బోలెడంత తెల్లటి ఆకాశం వచ్చేస్తుంది, ఫోన్ ఆ ఆకాశాన్ని లెక్కలోకి తీసుకుని వెలుగు తగ్గించేస్తుంది, బొమ్మ నల్లబడిపోతుంది. అందుకని ముందు ఆకాశం కనిపించకుండా రెండడుగులు పక్కకు జరగండి, బొమ్మ వెనక చూరో గోడో ఉండేలా చూసుకోండి. తర్వాత బొమ్మ ముఖం మీద వేలితో కాసేపు నొక్కిపట్టండి. చాలా ఫోన్లలో ఫోకస్, వెలుగు రెండూ అక్కడ లాక్ అవుతాయి, పక్కనే చిన్న సూర్యుడి గుర్తు వస్తుంది, దాన్ని కొంచెం పైకి జరిపితే నల్లరాయిలో నగలు, వేళ్లు అన్నీ బయటపడతాయి. మూలన ఎక్కడో ఆకాశం తెల్లగా పోతే పోనివ్వండి, మీరు తీస్తున్నది ఆకాశాన్ని కాదు కదా. ఫోన్‌లో 2ఎక్స్ లేదా 3ఎక్స్ లెన్స్ విడిగా ఉంటే కాస్త దూరం నుంచి దాంతో తీయండి. వేళ్లతో 10ఎక్స్ దాకా సాగదీస్తే మాత్రం రాయి కాస్తా మైనపు ముద్దలా వస్తుంది.

ఇక వేళ. గుడి తూర్పు ముఖం, అంటే ఉదయం ఎండ ముందువైపు ఏటవాలుగా పడుతుంది, చెక్కడంలో లోతు తెలిసేది ఆ ఎండలోనే. గుడి చుట్టూ కింద వరుసగా సాగే ఏనుగుల్ని కూడా ఏటవాలు ఎండలోనే చూడాలి, మధ్యాహ్నం అవి చదునుగా కనిపిస్తాయి. కాబట్టి ఈసారి రామప్ప పొద్దున్నే పెట్టుకుని, లక్నవరం సాయంత్రానికి ఉంచుకోండి, వేలాడే వంతెనకీ నీళ్లకీ దిగే పొద్దే అందం. మబ్బు పట్టిన రోజని ప్రయాణం మానుకుంటారు చాలామంది, నన్నడిగితే మదనికలకు అంతకన్నా మంచి రోజు లేదు, వెలుగు అన్ని వైపులా సమానంగా పడి నీడలు మెత్తబడతాయి.

మధ్యాహ్నమే చేరారనుకోండి, మండపంలోకి వెళ్లిపోండి. బయట రాతి అరుగు మీద పడిన ఎండ లోపలికి తిరిగొచ్చి స్తంభాలని, పైకప్పు చెక్కడాలని వెలిగిస్తుంది. మోచేతులు ఒంటికి ఆనించి, ఊపిరి బిగబట్టి తీయండి. ఫ్లాష్ వద్దు. ఫోన్ కదలకుండా ఉంటుందని చెక్కిన స్తంభాలకు మాత్రం ఆనుకోకండి. కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి అది, ఆ నునుపు ఇన్ని వందల ఏళ్లు నిలిచింది, మన చేతి చెమటతో పాడవకూడదు. గర్భగుడిలో తీయొద్దంటే తీయొద్దు. స్టాండ్, డ్రోన్ లాంటివి తీసుకెళ్లాలంటే ముందుగా పురావస్తు శాఖ అనుమతి కావాలి.

ఇంకో మాట. 2021లో యునెస్కో జాబితాలో చేరిన గుడి, మొత్తం కనిపించే ఫొటోలు నెట్‌లో ఎన్నో ఉన్నాయి. మీరూ ఒకటి తీసుకోండి, తర్వాత ఒక్క బొమ్మను ఎంచుకుని అక్కడే ఉండిపోండి. ఎత్తు మడమల చెప్పులేసుకున్న మదనిక ఉంది, ఆమె పాదాలు మాత్రమే తీసి చూడండి.

ప్రశ్న: దారిలో నాట్లు వేస్తున్న వాళ్లు కనిపిస్తే ఫొటో తీయాలనిపిస్తుంది. అడిగితే బిగుసుకుపోయి నిలబడతారు, అడక్కుండా తీస్తే మా ఆవిడ ఊరుకోదు. ఏం చేయమంటారు? (ఒక పాఠకుడు, జనగామ)

జవాబు: మీ ఆవిడ మాటే నా మాట. చీరలు పైకి దోపుకుని బురదలో వంగి పనిచేస్తున్న ఆడవాళ్లను రోడ్డు మీంచి జూమ్ చేసి తీయడం నాకు అస్సలు నచ్చదు, మన ఇంటి వాళ్లను ఎవరైనా అలా తీస్తే ఊరుకుంటామా? గట్టు మీదికి వెళ్లి "అమ్మా, ఒక ఫొటో తీసుకోనా?" అనండి. వద్దంటే సరేనని వచ్చేయండి. సరే అంటే ఆ బిగుసుకున్న ఫొటో ముందు తీసి వాళ్లకే చూపించండి. నవ్వుకుంటారు, నాలుగు మాటలు కలుస్తాయి, మళ్లీ పనిలో పడతారు, మీకు కావాల్సిన ఫొటో అప్పుడు వస్తుంది. స్టేటస్‌లో పెట్టుకుంటానని కూడా చెప్పి అడగండి. పిల్లలైతే తల్లినో తండ్రినో అడగాలి. ఫొటో పంపుతానని మాటిస్తే ఆ రాత్రికే పంపేయండి.

ప్రశ్న: నా ఫోన్‌లో బాగున్న ఫొటోలు వాట్సాప్‌లో చుట్టాలకు పంపితే మసకబారుతున్నాయి. (ఒక పాఠకురాలు, ఖమ్మం)

జవాబు: వాట్సాప్ సైజు తగ్గించి పంపుతుంది, అందుకే. అటాచ్ గుర్తు నొక్కి, గ్యాలరీ బదులు డాక్యుమెంట్‌లోంచి ఫొటో ఎంచుకుని పంపండి, ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. ఎవరైనా ప్రింటు వేయించుకుంటామంటే తప్పకుండా ఇలాగే పంపాలి.