చిన్నా, ఆ మూడు కార్బొరేటర్లు నమ్మొచ్చా అని అడిగావు కదా

చిన్నా,

నీ వీడియో చూశానురా, రెండుసార్లు చూశా. మీ అత్త పక్కనుంచి "ఆ చప్పుడేంటండీ, పప్పు రుబ్బుతున్నట్టు" అంటోంది, అయినా సౌండ్ పెంచుకుని మరీ చూశా. మీ అమ్మ ఇప్పటికి మూడుసార్లు ఫోన్ చేసింది, "నువ్వే వాడికి ఈ పిచ్చి అంటించావు అన్నయ్యా, ఇంటి డౌన్‌పేమెంట్ డబ్బులు పెట్టి డొక్కు కారు కొన్నాడు" అని. నిజమే కదా, నేనేం మాట్లాడతాను.

సరే, అసలు విషయం. ఫోటోల్లో చూస్తే ఇంజిన్ 8బీఏ, అంటే 1949 నుంచి 53 దాకా ఫోర్డ్ వేసిన ఫ్లాట్‌హెడ్ వీ8 (వాల్వులు పైన కాక సిలిండర్ల పక్కన ఉండే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్), 239 క్యూబిక్ ఇంచులు. మంచి ఇంజిన్. దాని మీద ఎవరో మహానుభావుడు మూడు కార్బొరేటర్లు, అంటే పెట్రోల్‌ని గాలిలో కలిపి పంపేవి, కూర్చునే మానిఫోల్డ్ (ఆ మిశ్రమాన్ని సిలిండర్లకి పంచే గొట్టాల పోత) బిగించాడు. ముందరిది స్ట్రాంబర్గ్ కంపెనీ 97, మధ్యలోది హాలీ వాళ్ళ 94, వెనకది కూడా 97 అనే నువ్వు అనుకుంటున్నావు, కానీ ఫోటో పెద్దది చేసి చూడు, పక్కన పోతలో అంకె 81 అని ఉంది. బయటికి చూస్తే రెండూ కవల పిల్లల్లా ఉంటాయిరా, లోపల గొంతు వేరు. 97 అంటే వెంచురీ, అదే గొంతులో సన్నబడే చోటు, 0.97 అంగుళాలు, 81 అంటే 0.81. ఆ 81 అనేది ఫోర్డ్ వాళ్ళ చిన్న 60 హార్స్‌పవర్ వీ8 కోసం చేసింది. అమ్మినవాడు "అరుదైన పీసు" అని దానికి ఇంకో రెండొందల డాలర్లు ఎక్కువ తీసుకున్నాడన్నావు, తీసుకోడా మరి!

నీ ఫ్రెండ్స్ ఆ పాత ఇత్తడి సామాను పీకేసి కొత్త ఫోర్ బ్యారెల్ (నాలుగు గొంతుల కార్బొరేటర్) వెయ్యి, లేదంటే ఇంజెక్షన్ వెయ్యి అంటున్నారన్నావు. తొందరపడి పీకకు. ఆ 97 అనేది 1936లో ఫోర్డ్ కార్లతో వచ్చింది, వందలు కాదు లక్షల మంది రోజూ ఆఫీసుకీ పొలానికీ దాని మీదే తిరిగారు, చలిలో వానలో. నమ్మకం లేని సామాను అయితే అంతకాలం నడవదు కదా. ఇప్పుడు మనకి ఇబ్బంది పెట్టేది ఆ డిజైన్ కాదు, దాని మీద ఎనభై ఏళ్ళలో ఎంతమంది చెయ్యి పెట్టారో అది. ఒకడు జెట్టు, అంటే పెట్రోల్ కొలిచి వదిలే రంధ్రం, డ్రిల్లు పెట్టి పెద్దది చేస్తాడు, ఇంకొకడు వేరే దాని మూత తెచ్చి దీనికి బిగిస్తాడు, మూడోవాడు శాండ్ బ్లాస్టింగ్ చేసి తళతళలాడించి అమ్ముతాడు, లోపల సన్నటి దారుల్లో ఇసుక అలాగే ఉంటుంది. అందుకే మరీ మెరిసేదాన్ని చూస్తే నాకు భయం, మురికిగా ఉన్నదే కొంటా.

కాబట్టి మొదటి పని, ఆ మూడింటినీ దించి పక్కన పెట్టు. అవునురా, మూడూ. ఒకే కార్బొరేటర్ ఉండే మామూలు స్టాక్ మానిఫోల్డ్ ఒకటి ఎక్కడైనా దొరుకుతుంది, దాని మీద కండిషన్‌లో ఉన్న 8బీఏ వాళ్ళ 94 ఒకటి పెట్టి బండి నడుపు. ఒక నెల నడుపు. అప్పుడు ఇంజిన్ ఎలా ఉందో తెలుస్తుంది. మూడూ పెట్టుకుని మిస్సింగ్ ఎక్కడో వెతకడం అంటే ముగ్గురు తోడికోడళ్ళ గొడవలో తప్పెవరిదో తేల్చినట్టే.

ఇంకోటి, ఇది చాలామందికి తెలీదు, నేనూ రెండు నెలలు కొట్టుకున్నాను. 8బీఏ ఇంజిన్‌కి వచ్చిన డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి వంతులవారీగా స్పార్క్ పంచేది) పేరు లోడామాటిక్. దాని లోపల తిరిగే బరువులుండవు, టైమింగ్ అడ్వాన్స్, అంటే స్పీడు పెరిగేకొద్దీ స్పార్క్ ముందుకి జరగడం, అంతా కార్బొరేటర్ నుంచి వచ్చే వాక్యూమ్ (గాలి లాగుడు) మీదే ఆధారం. ఆ ఇంజిన్‌కి చేసిన 94లో దానికోసం ప్రత్యేకంగా దారి ఉంటుంది. 97లో ఉండదు. నీ మధ్యలో ఉన్న 94కి అది ఉన్నా, గాలి మూడు గొంతుల్లోకి పంచుకున్నాక ఆ సిగ్నల్‌లో ఇంకేం మిగుల్తుంది? బండి కదులుతుంది కానీ పికప్ ఉండదు, వేడెక్కుతుంది, నువ్వేమో కార్బొరేటర్ని తిట్టుకుంటూ జెట్లు మారుస్తూ ఉంటావు. నేను అలాగే 45 జెట్టు తీసి 48, 48 తీసి 50 పెట్టి, ప్లగ్గులు మసి పట్టి, చివరికి టైమింగ్ లైట్ పెట్టి చూస్తే రేస్ ఇచ్చినా గుర్తు అంగుళం కదల్లేదు! ఆ రోజు గరాజ్‌లో కింద కూర్చుని నవ్వుకున్నాను. కొందరు ఆ గొట్టం తీసి నేరుగా మానిఫోల్డ్‌కి తగిలిస్తారు, అదీ తప్పే, ఫుల్ రేస్‌లో అక్కడ వాక్యూమ్ పడిపోతుంది, సరిగ్గా కావాల్సినప్పుడే అడ్వాన్స్ వెనక్కిపోతుంది. బరువులతో అడ్వాన్స్ అయ్యే డిస్ట్రిబ్యూటర్ ఒకటి ముందు వేసెయ్, తర్వాతే మూడు కార్బొరేటర్ల సంగతి. డబ్బులవుతాయి, మీ అమ్మకి చెప్పకు.

ఇక పెట్రోల్ ప్రెజర్. వీడియోలో ట్యాంక్ దగ్గర ఎలక్ట్రిక్ పంపు టకటకలాడటం వినపడుతోంది. మామూలుగా షాపుల్లో దొరికే ఆ పంపులు నాలుగు నుంచి ఏడు పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్ల ఒత్తిడి) తోస్తాయి. స్ట్రాంబర్గ్‌కి రెండున్నర చాలు, మూడు దాటితే పెట్రోల్ ఆపే నీడిల్ సీటు మీద నిలవదు, ఓవర్‌ఫ్లో అయ్యి గొంతులోకి కారుతుంది. రెగ్యులేటర్ పెట్టు, దాని మీద గేజ్ పెట్టు, రెగ్యులేటర్ మీద గీసిన అంకెలు మాత్రం నమ్మకు. "పాత కార్బొరేటర్ కారుతోందండీ" అని నా దగ్గరికి వచ్చిన వాళ్ళలో సగం మందికి నేను చేసిన రిపేరు ఇంతే.

లీకు మాటొచ్చింది కాబట్టి నా కథ చెప్తా, మీ అత్తకి ఇప్పటికీ కోపం. 97 బాడీ జింక్ పోత, పెట్రోల్ వచ్చే చోట ఇత్తడి ఫిట్టింగు మరలో బిగుస్తుంది. అది కొంచెం చెమర్చితే ఇంకో పావు తిప్పు తిప్పాను. మళ్ళీ చెమర్చింది, ఇంకో పావు. పోత మీద వెంట్రుకంత సన్నటి గీత పడింది, కంటికి కనపడదు. ఆదివారం గుడికి వెళ్ళి వస్తుంటే సిగ్నల్ దగ్గర పెట్రోల్ వాసన. మీ అత్త "ఏదో వాసన" అంటూనే ఉంది, నేను "పాత బండి అంతే" అన్నాను. తర్వాత సిగ్నల్ వచ్చేసరికి హుడ్ సందుల్లోంచి పొగ, ఎర్ర పెయింట్ అప్పడంలాగా బుడగలు లేస్తోంది. సీటు కింద ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉంది కాబట్టి సరిపోయింది. పట్టుచీరతో రోడ్డు పక్కన నిలబడి ఆవిడ నన్ను చూసిన చూపు ఉంది చూడు. నువ్వు రెండు పెట్టుకో, ఒకటి బండిలో సీటు దగ్గర చేతికందేలా, ఒకటి గరాజ్‌లో. ఫిట్టింగు కారితే ఇంకా బిగించడం కాదు, తీసి వాషర్ మార్చు.

విప్పేటప్పుడు, ఒక్కొక్కటే విప్పు, మూడూ ఒకేసారి టేబుల్ మీద పోసుకోకు. విజయవాడ ఆటోనగర్లో నేను పని నేర్చుకున్న మేస్త్రీ, జీపుల కార్టర్ కార్బొరేటర్ విప్పితే ప్రతి ముక్కా సత్తు పళ్ళెంలో విప్పిన వరసలో గుండ్రంగా పేర్చేవాడు, బిగించేటప్పుడు చివరి నుంచి వెనక్కి వచ్చేవాడు, ఎప్పుడూ ఒక్క వాషర్ మిగల్లేదు. నీ దగ్గర ఫోన్ ఉంది, ఫోటోలు తీసుకో, కానీ పళ్ళెం కూడా పెట్టు.

ఫ్లోట్ చూడు ముందు, గిన్నెలో పెట్రోల్ మీద తేలుతూ మట్టం కాపాడేది. ఇత్తడిది, చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల నీళ్ళ చప్పుడు వస్తే అది చిల్లు. చప్పుడు రాకపోయినా గిన్నెలో నీళ్ళు బాగా కాచి, స్టవ్ మీద నుంచి దించి, బయటికి తీసుకెళ్ళి అందులో ముంచు, చిల్లు ఉంటే టంకం దగ్గర్నుంచి బుడగలు సన్నగా దారంలా పైకి వస్తాయి. స్టవ్ దగ్గర మాత్రం చెయ్యకురా, పెట్రోల్‌లో నానిన వస్తువు. 97లో పెట్రోల్ మట్టం గిన్నె పై అంచు నుంచి 15/32 అంగుళం కిందికి ఉండాలి, ఉత్తినే ఫ్లోట్ వంచి చూసి సరే అనుకోకు, నిజంగా పెట్రోల్ నింపి కొలువు.

తర్వాత థ్రాటిల్ షాఫ్ట్, పెడల్ తొక్కితే తిరిగి గాలి దారి తెరిచే ఇరుసు. వేలితో పట్టుకుని పైకీ కిందికీ ఆడించు. ప్లే ఉంటే ఆ సందులోంచి గాలి తాగుతుంది, నువ్వు ఎంత ట్యూన్ చేసినా ఐడ్లింగ్ నిలవదు. డౌట్ వస్తే ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా షాఫ్ట్ చివర ఆయిల్ చుక్క వెయ్యి, లోపలికి లాక్కుని ఇంజిన్ చప్పుడు మారితే దొంగ దొరికినట్టే. బేస్ లేత్ మీద బోరు చేసి బుష్ వేయించాలి, ఇంట్లో చేసేది కాదు.

94 సంగతి వేరే. 97లో పవర్ వాల్వ్‌ని, అంటే గట్టిగా తొక్కినప్పుడు అదనంగా పెట్రోల్ వదిలేదాన్ని, యాక్సిలరేటర్ పంపు లింకు తొక్కి తెరుస్తుంది, 94లో వాక్యూమ్ పడిపోతే అదే తెరుచుకుంటుంది, లోపల డయాఫ్రమ్ (పలచటి పొర) ఉంటుంది. అది చిరిగినా, దాని గాస్కెట్ సరిగ్గా కూర్చోకపోయినా పెట్రోల్ తిన్నగా మానిఫోల్డ్‌లోకి పోతుంది, నల్ల పొగ. నీ వీడియోలో పొగ నాకు అలాగే అనిపించింది. కొత్త వాల్వ్ చవకే, దొరుకుతుంది. నేను ఏ వింత కార్బొరేటర్ చూసినా అడిగేది ఇదే, పవర్ వాల్వ్, పంపు, గాస్కెట్లు, నీడిల్ ఇప్పుడు కొత్తవి దొరుకుతాయా లేదా. 97, 94 రెండింటికీ అన్నీ దొరుకుతాయి, 97 అయితే మొత్తానికి మొత్తం కొత్తదే చేస్తున్నారు. దొరకనిది ఎంత గొప్పదైనా షోకేసులో పెట్టు.

అందుకే నీకు ఎవరో చవగ్గా ఇస్తానంటున్న ఆ టీపాట్ వద్దు. హాలీ వాళ్ళ మొదటి ఫోర్ బ్యారెల్ అది, 50ల మధ్యలో లింకన్, మెర్క్యురీ, ఫోర్డ్ వై-బ్లాక్ (ఫ్లాట్‌హెడ్ తర్వాత వచ్చిన వీ8) ఇంజిన్ల మీద వచ్చింది, చూడ్డానికి భలే ఉంటుంది, నాకూ ఇష్టమే. పెట్రోల్ గిన్నె మొత్తం పైన కూర్చుంటుంది, గాస్కెట్ లీకైతే కారేది నేరుగా వేడి మానిఫోల్డ్ మీదకి. దాని బోల్టుల కొలత కూడా తర్వాత వచ్చిన హాలీలకి కలవదు. వై-బ్లాక్ ఉన్నవాడు ఒరిజినల్ అని పెట్టుకుంటే అర్థముంది, నీ ఫ్లాట్‌హెడ్‌కి అడాప్టర్ వేసి మరీ ఎందుకు?

నిజానికి నీకు మూడు కూడా అక్కర్లేదు. లెక్క చూడు, 239 ఇంజిన్ 4000 ఆర్పీఎం దగ్గర పూర్తిగా నిండితే సుమారు 275 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపు అడుగులు) గాలి, ఫ్లాట్‌హెడ్ ఎప్పుడూ అంత నిండదు, 210, 220 అనుకో. ఒక్కో 97 దాదాపు 150 పంపిస్తుంది. రెండు చాలు. మూడు ఉంటేనే అందం అంటావని తెలుసు, నీ వయసులో నేనూ అదే అన్నా. అయితే మూడూ 97లే పెట్టు, ప్రోగ్రెసివ్ లింకేజ్ వెయ్యి, మధ్యది ఒక్కటే రోజూ నడుస్తుంది, చివరి రెండూ పూర్తిగా మూసుకునేలా చూడు, గట్టిగా తొక్కితేనే తెరుచుకుంటాయి. 81ని అమ్మేసెయ్, ఆ చిన్న వీ8 వాళ్ళు వెతుక్కుంటూ ఉంటారు, నీ రెండొందలు నీకు వస్తాయి. రెండు పెట్టుకుంటే మాత్రం రెండూ సమానంగా గాలి పీల్చాలి, గేజ్ లేకపోతే అడుగున్నర రబ్బరు గొట్టం ఒక చివర చెవిలో, ఇంకో చివర గొంతు దగ్గర పెట్టి విను, బుస్స్ మనే చప్పుడు రెండింట్లో ఒకేలా రావాలి. చొక్కా గుండీలు పెట్టుకో, ఫ్యాన్ దగ్గర వేలాడేది ఏదీ ఉండకూడదు.

మర్చిపోయా, పెట్రోల్. ఇక్కడ బంకుల్లో వచ్చేది పది శాతం ఇథనాల్ కలిసింది, మన ఊళ్ళో ఇప్పుడు ఇరవై అంటున్నారు. అది పాత రబ్బరు గొట్టాల్ని మెత్తబరుస్తుంది, తేమ లాగి గిన్నెలో తెల్లటి పొడి పట్టిస్తుంది, పంపులో ఉండే తోలుని ఎండగడుతుంది. గొట్టాలన్నీ కొత్తవి వెయ్యి, ఇథనాల్ లేని పెట్రోల్ దొరికితే అదే పొయ్యి, నెల రోజులు కదపకుండా పెట్టేటట్టయితే గిన్నెలు ఖాళీ చెయ్యి. డాలస్ ఎండలో నడిపి ఆపాక పదినిమిషాలకి స్టార్ట్ అవ్వకపోతే భయపడకు, గిన్నెలో పెట్రోల్ మరిగి గొంతులోకి పొంగుతుంది అంతే, పెడల్ పూర్తిగా తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొట్టు, పంప్ చెయ్యకు. కార్బొరేటర్ కింద వేడి ఎక్కనివ్వని ఫినాలిక్ స్పేసర్ పెడితే తగ్గుతుంది.

అక్టోబర్‌లో పెన్సిల్వేనియాలో హర్షీ స్వాప్ మీట్‌కి, అదే పాత కార్ల సామాన్ల సంతకి, వెళ్తున్నాను, ప్రతి ఏడూ వెళ్ళేదే, ఈసారి మోకాళ్ళు నొప్పులు కాబట్టి చిన్న బండి ఒకటి అద్దెకి తీసుకుంటా. అక్కడ మురికి 97 ఒకటి బాగున్నది దొరికితే నీకోసం తెస్తా, డబ్బులు తర్వాత చూసుకుందాం. ఈలోపు ఆ మూడింటి పక్కల మీద అంకెలు, బేస్ షాఫ్ట్ దగ్గర దగ్గరగా తీసిన ఫోటోలు పంపు, ఫ్లాష్ వెయ్యకుండా తియ్యి, మెరుపులో గీతలు కనపడవు. మీ అత్త ఆవకాయ పంపిస్తోంది, డబ్బా వచ్చాక చెప్పు.

మీ మావయ్య