కోనసీమలో రెండున్నర ఎకరాలు: ఉంచుకోవాలా, చెరువుకిచ్చేయాలా?

నాన్నగారి తర్వాత రెండున్నర ఎకరాలు మీ చేతికొచ్చాయి, మీరేమో హైదరాబాద్‌లో ఉద్యోగం. రొయ్యల చెరువుకి లీజుకివ్వాలా, అమ్మేయాలా, సాగు చేయిస్తే గిట్టుతుందా అని అడిగారు. మాదీ అమలాపురం పక్కనేనండి. ఎకరంన్నర వరి, ఎకరం కొబ్బరి. 2009 నుంచి నేనే చూసుకుంటున్నాను.

వరి ఒక్కదాన్నే నమ్ముకుంటే కష్టం. 2011లో కోనసీమ రైతులు సార్వాకి, అంటే వానాకాలం పంటకి, క్రాప్ హాలిడే పెట్టి సాగు మానేసింది ఊరికే కాదు, ఆ ఏడాది మా చేనూ బీడే. ఇంటి ఖర్చుకి పనికొచ్చేది కొబ్బరి. రెండు నెలలకోసారి కాయల దింపు తీయిస్తే చేతిలో ఎంతో కొంత ఆడుతుంది. చెట్ల మధ్య నీడలో కోకో వేశాను, నాలుగో ఏడాది నుంచి కాయలు అందాయి. 2024లో గింజల ధర ఆకాశానికెళ్లింది, 2025లో పడిపోయింది. ఆ ఎగిరిన ధర చూసి లెక్కలేసుకున్నవాళ్లు ఇప్పుడు తలపట్టుకున్నారు. మీరు మామూలు ధరకే లెక్క వేసుకోండి.

అయితే మా పొలాన్ని దెబ్బతీసింది ధర కాదు, మురుగు. ఒక ఏడాది సార్వా వరి పాలుపోసుకునే వేళ వాన పట్టుకుంది. పల్లంవైపు ఎవరో చెరువుగట్టు పోసి, చేలోంచి మురుగునీళ్లు పోయే బోదె పూడ్చేశారు. ఆరు రోజులు చేలో మోకాలిలోతు నీళ్లు. కోసిన గింజ నల్లబడి, సగం తాలు. అర్జీ పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాను, చెప్పుల అరుగుదల తప్ప ఏమీ రాలేదు. చివరికి గట్టు పక్కనున్న ఐదుగురం తలా ఇంత వేసుకుని జేసీబీ పెట్టించాం. అప్పటినుంచి ఏటా మే నెలలో, కాలువలకి నీళ్లు ఆపేశాక, కలిసే పూడిక తీస్తాం. ఒక ఏడాది నేను రాలేక డబ్బు పంపాను. తీసుకున్నారు గానీ, మా చేను దగ్గర మాత్రం పైపైన గీకి వదిలేశారు!

కౌలు సంగతి. మా వరి చేను కౌలుకే ఇచ్చాను. కౌలు రైతుకిచ్చే సాగు హక్కు కార్డు మీద సంతకం పెడితే పొలం పోతుందని నేనూ భయపడ్డాను. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టంలో అది 11 నెలల ఒప్పందమే, భూమి మీద హక్కేమీ రాదు. సంతకం లేకపోతే మాత్రం కౌలు రైతుకి బ్యాంకు అప్పూ కష్టమే, పంట పోతే పరిహారమూ కష్టమే. సంతకం పెట్టాను. పంట మునిగిన ఆ సార్వాకి కౌలు సగమే తీసుకున్నాను, మా ఆవిడ వారం రోజులు మాట్లాడలేదు. ఆయనే ఇప్పటికీ చేస్తున్నాడు. గట్లు చెక్కమని నేను ఫోన్ చెయ్యక్కర్లేదు. ముక్కుపిండి మొత్తం కౌలు వసూలు చేసిన ఇంకో ఆసామి చేను మాత్రం మరుసటి ఏడాది అడిగే దిక్కు లేక పడుంది.

ఇక చెరువు. లీజు డబ్బు బాగుంటుంది, కాదనను. కానీ ఉప్పునీళ్లు పెడితే ఊట పక్క చేలలోకి దిగుతుంది, కొబ్బరి కూడా ఎర్రబారుతుంది. లీజు అయ్యాక అందులో మళ్లీ వరి పండాలంటే ఏళ్లు పడుతుంది. చుట్టూ చెరువులే అయితే మీకు వేరే దారి లేదు. చుట్టూ వరి ఉంటే మాత్రం ఇవ్వకండి, ఊళ్లో ముఖం చూపించుకోవాలి కదా.

ఈ మేలో ఒక వారం సెలవు పెట్టి రండి. మీ నీళ్లు ఎవరి చేలోంచి దిగుతాయో కౌలు రైతుని అడిగి, ఆ బోదె వెంట మురుగు కోడు, అంటే పెద్ద మురుగు కాలువ, దాకా నడవండి. పాస్‌బుక్‌లో పేరు మార్పించుకునే పని కూడా ఆ వారంలోనే పెట్టుకోవచ్చు.