తేనె పరీక్ష మొదలుపెట్టే ముందు

హన్మకొండ

బిడ్డా,

ఏటూరునాగారం అడవి తేనెలో యాంటీ ఆక్సిడెంట్లు ఎంతున్నయో నువ్వు లెక్కగడ్తున్నవని మీ బాపు నిన్న ఫోన్‌లో చెప్పిండు. మన ఇంటి ఆడపిల్ల, రంగు ఎంత చిక్కగుందో కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్ ముందు కూసుంటదంటే చానా సంతోషమైంది. వెంటనే భయం కూడా పట్టుకున్నది. ఫోన్‌లో చెప్తే సగం చెవికెక్కదు, అందుకే రాస్తున్న.

ముందుగాల మెథనాల్ సంగతి. ద్రావణాలకు వాడే ఆ ఆల్కహాల్ విషం. దాన్ని నోటితో పిపెట్‌లోకి పీల్చకు. నీళ్లే కదా అని నీళ్లను కూడా పీల్చకు, చెయ్యికి అదే అలవాటైతది. పది ఎంఎల్ కడుపులోకి పోతే చూపు పోవచ్చు బిడ్డా. రబ్బర్ బల్బు లేకపోతే ఆ రోజు పని బంద్ పెట్టు, కొనుక్కొచ్చినంకనే మొదలుపెట్టు. ఇందులో నాతో వాదం పెట్టుకోకు.

తేనె తెచ్చేటప్పుడు తేదీ, ఊరు, పెద్ద తేనెటీగల పట్టుదా తొర్రలోదా, చుట్టూ ఇప్ప పూసిందా మద్ది పూసిందా, సీసా మీదనే రాసిపెట్టు. ఇంకొకటి అడుగు: పట్టును పిండిన్రా, కోసి కారనిచ్చిన్రా? పిండితే పుప్పొడి దిగుతది. పుప్పొడిలో ఫినాల్స్ (మొక్కల నుంచి వచ్చే యాంటీ ఆక్సిడెంట్లు) ఎక్కువ, నీ అంకె దాంతోనే పెరుగుతది. ఎండాకాలం సీసాలను బస్సు కిటికీ పక్కన పెట్టుకొని రాకు. గడ్డకట్టిన తేనెను కరగదియ్యాలంటే వాటర్‌బాత్ 40 డిగ్రీలు దాటొద్దు. కాగిన తేనె నల్లబడ్తది, ఆ నల్లబడ్డ పదార్థాలు కూడా పరీక్షలో యాంటీ ఆక్సిడెంట్ లెక్కనే కనబడ్తయి. అంటే పాడైన తేనెకే పెద్ద అంకె వస్తది. అందుకే ప్రతి సీసాకు హెచ్‌ఎంఎఫ్ (తేనె కాగితే చక్కెరలోంచి పుట్టే పదార్థం) కూడా చూడు. మన దేశంలో దానికి హద్దు కిలోకు 80 మిల్లీగ్రాములు. తేమను రిఫ్రాక్టోమీటర్‌తో చూస్తే చాలు.

ఇగ ఫినాల్స్ ఎంతున్నయో నీలం రంగుతో చెప్పే ఫోలిన్ పరీక్ష. 5 గ్రాముల తేనె తూకం వెయ్యి. పిపెట్‌తో కొలిస్తే గోడలకే అంటుకుంటది. డిస్టిల్డ్ నీళ్లతో 50 ఎంఎల్ చేసి వడకట్టు. అందులోంచి 0.5 ఎంఎల్ తీసి 0.2 నార్మల్ ఫోలిన్ రీఏజెంట్ 2.5 ఎంఎల్ కలుపు. ఐదు నిమిషాలైనంక లీటరుకు 75 గ్రాముల సోడియం కార్బొనేట్ ద్రావణం 2 ఎంఎల్ పొయ్యి. చీకట్లో రెండు గంటలుంచి 760 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తియ్యి. రీఏజెంట్ ఆకుపచ్చగా తిరిగితే పారబొయ్యి. రీడింగ్‌ను అంకెలోకి మార్చే స్టాండర్డ్ గీతకు గాలిక్ యాసిడ్ అనే ఫినాల్ వాడు.

నేను తప్పు చేసింది ఇక్కడనే. నీళ్లనే బ్లాంక్ (తేనె లేకుండ నడిపి, రీడింగ్‌లోంచి తీసేసే ట్యూబు) పెట్టిన, రంగు తొందరగా రావాలని ట్యూబులను వేడి వాటర్‌బాత్‌లో పెట్టిన. రీడింగులు మస్తుగా వచ్చినయి, మూడు ట్యూబులకు మూడూ కలిసినయి. కలిసినయంటే నిజమనుకున్న. ఫోలిన్ రీఏజెంట్ ఫినాల్‌నే చూసి నీలమయ్యేది కాదు బిడ్డా. దాన్ని క్షయకరణం చేసేది, అంటే దానికి ఎలక్ట్రాన్లు ఇచ్చేది ఏదైనా సరే, నీలమైతది. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ రెండూ క్షారంలో ఆ పని చేస్తయి, వేడి తగిలితే ఇంకింత జోరుగా చేస్తయి.

కాగితం మీద లెక్క వేసి చూడు. ఆ 0.5 ఎంఎల్‌లో ఉన్న తేనె 50 మిల్లీగ్రాములు. అందులో చక్కెరే దగ్గర దగ్గర 40 మిల్లీగ్రాములు. వంద గ్రాముల తేనెలో ఫినాల్స్ 50 మిల్లీగ్రాములున్నయనుకుంటే, నీ ట్యూబులోకి వచ్చేది 25 మైక్రోగ్రాములే. చక్కెర 1600 రెట్లు ఎక్కువ. అది కొంచెం పలికినా చాలు, ఫినాల్ గొంతు వినబడదు. నల్ల తేనెలో, తెల్ల తేనెలో చక్కెర దాదాపు ఒక్కటే కాబట్టి రెండింటికీ ఒకే ఎత్తు కలుస్తది. వాటి మధ్య అసలు తేడా పల్చబడ్తది. నమ్మకం లేకపోతే ఒక ట్యూబులో తేనెకు బదులు ఉత్త ఫ్రక్టోజ్ ద్రావణం పోసి, అవే రీఏజెంట్లు కలిపి వేడిలో పెట్టి చూడు. ఒక్క ఫినాల్ లేకుండనే మెల్లగా నీలం ఎక్కుతది.

అందుకే చక్కెర బ్లాంక్ చేసుకో: ఫ్రక్టోజ్ 40 గ్రాములు, గ్లూకోజ్ 30, మాల్టోజ్ 8, సుక్రోజ్ 2, నీళ్లతో 100 ఎంఎల్. ఇందులో 5 ఎంఎల్ తీసి 50 చేస్తే నీ తేనె ద్రావణంతో సమానమైతది. దాన్ని తేనెతోపాటే, అదే ర్యాకులో, అదే టైముకు నడిపించి రీడింగ్‌లోంచి తీసెయ్యి. ట్యూబులను వేడి చెయ్యకు. పుస్తకంలో గది ఉష్ణోగ్రత అంటే 25 డిగ్రీల లోపు. మే నెలలో మన వరంగల్ గది 40 దగ్గర ఉంటది, అది గది కాదు, వాటర్‌బాతే. ఐసు ముక్కలు వేసిన నీళ్ల తొట్టి పెట్టి థర్మామీటర్ చూసుకుంట 25 దగ్గర ఆపు. ఒక్కో ట్యూబుకు నిమిషం ఎడం పెట్టు, రీడింగ్ కూడా అదే ఎడంతో తియ్యి.

పైసలుంటే సీ-18 కార్ట్రిడ్జ్ కొను, అది ఫినాల్స్‌ను పట్టుకొని చక్కెరను వదిలేసే చిన్న గొట్టం. మెథనాల్, తర్వాత పీహెచ్ 2 ఉన్న ఆమ్లపు నీళ్లు పోసి దాన్ని తయారు చెయ్యి. తేనెను కూడా అదే నీళ్లలో కలిపి ఎక్కించి, మళ్ల అవే నీళ్లతో కడిగితే చక్కెర పోతది. ఆగినదాన్ని మెథనాల్‌తో దింపుకో. గాలిక్ యాసిడ్ వంటి చిన్నవి కడిగిన నీళ్లలో కొంత జారిపోతయి, ఆ మాట రిపోర్టులో దాచకుండ రాయి.

రెండో పరీక్ష డీపీపీహెచ్. అది ఊదా రంగు మందు, యాంటీ ఆక్సిడెంట్ తగిలితే రంగు పోయి రీడింగ్ తగ్గుతది. దాని ద్రావణం 100 ఎంఎల్ మెథనాల్‌కు 3.9 మిల్లీగ్రాములు, ఏ రోజుకారోజు, సీసాకు ఫాయిల్ చుట్టి. రీడింగ్ 517 నానోమీటర్ల దగ్గర. మెథనాల్ ఎక్కువైతే తేనెలో చక్కెర విడిపోయి మబ్బు పడ్తది. క్యూవెట్‌ను (రీడింగ్ తీసే చిన్న గిన్నెను) వెలుతురుకు పట్టి చూడు. మబ్బుంటే వెలుగు చెదిరి రీడింగ్ పెరుగుతది, మంచి తేనె కూడా చెడ్డగా కనబడ్తది. సెంట్రిఫ్యూజ్ చేసినంకనే పెట్టు. మూతలు గట్టిగా బిగించు, ఎండకు మెథనాల్ ఎగిరిపోయి ద్రావణం చిక్కబడ్తది.

మొదటి రోజు చక్కెర బ్లాంక్ రీడింగ్ ఎంతొచ్చిందో నాకు వాట్సాప్ చెయ్యి. తేనెది తర్వాత చూద్దాం. మీ పెద్దమ్మ డబ్బాలో సకినాలు పెట్టింది. ల్యాబు బల్ల మీద పెట్టుకొని తినకు. చేతులు కడుక్కొని, బయట చెట్టు కింద కూసొని తిను.

మీ పెద్దబాపు