ఫ్రీ ప్రకటనల సైట్లకు డబ్బు ఎక్కడిది?

ప్రశ్న: పాత సోఫా అమ్మడానికి ఒక క్లాసిఫైడ్స్ సైట్‌లో ప్రకటన పెట్టాను. పైసా అడగలేదు, అమ్ముడయ్యాక కమిషనూ లేదు. అయినా ఇలాంటి కంపెనీలు వందల కోట్ల డాలర్లకు చేతులు మారుతున్నాయట. నా దగ్గర తీసుకోని డబ్బు ఎవరి దగ్గర తీసుకుంటున్నారు?

జవాబు: సోఫా పోయాక మళ్లీ ఆ సైట్ మొహం ఎప్పుడు చూస్తారు? మీలాంటివాళ్ల దగ్గర వసూలు చేస్తే వచ్చేది చిల్లర, పోయేది జనం. నెలనెలా ప్రకటన ఇవ్వకపోతే వ్యాపారం నడవనివాళ్లు వేరే ఉన్నారు. కార్ల డీలర్లు, ఇళ్ల ఏజెంట్లు, ఉద్యోగులు కావలసిన కంపెనీలు. అసలు డబ్బు వాళ్లది. మీ సోఫా పని జనాన్ని లోపలికి రప్పించడమే. వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు పక్కన కనిపించిన కారు కూడా నొక్కుతారు, డీలరు నెల చందా కట్టేది ఆ నొక్కు కోసమే. ప్రకటనను పై వరసలో ఉంచడానికి ఇంకొంత, పేజీ పక్కన బ్యానర్లకు ఇంకొంత.

నేను చాలా ఏళ్లు ఒక పత్రిక క్లాసిఫైడ్స్ కౌంటర్‌లో కూర్చున్నాను. మాటకింత అని రేటు. జనం కాగితం మీద ‘మంచి కండిషన్’ కొట్టేసి, ‘వెంటనే’ కొట్టేసి, చివరికి ‘స్కూటర్ అమ్మబడును’ అన్నదీ ఫోన్ నంబరూ మిగిల్చేవాళ్లు. ఏ మోడలో, ఏ రంగో కొనేవాడు ఫోన్ చేసి కనుక్కోవాల్సిందే. అలాంటి చోట ఫొటోలతో సహా ఎంతైనా రాసుకోమని, అదీ ఉచితంగా అంటే మా కౌంటర్ ఎందుకు నిలబడుతుంది? అమెరికా పత్రికలకు 2000లో క్లాసిఫైడ్స్ మీద దాదాపు 1,960 కోట్ల డాలర్లు వచ్చాయి. 2012కి అది సుమారు 460 కోట్లకు పడిపోయింది.

ఆ పాపమంతా క్రెయిగ్స్‌లిస్ట్ అనే అమెరికా ఉచిత ప్రకటనల సైట్ మీద వేస్తారు. నేను ఒప్పుకోను. ఉద్యోగాల ప్రకటనలు మాన్‌స్టర్ లాంటి సైట్లకు, కార్లవి కార్ల సైట్లకు విడివిడిగా వెళ్లిపోయాయి. క్రెయిగ్స్‌లిస్ట్ అయితే 1995లో క్రెయిగ్ న్యూమార్క్ శాన్‌ఫ్రాన్సిస్కోలో స్నేహితులకు పంపుకున్న ఈమెయిల్ జాబితా. ఇప్పటికీ సిబ్బంది కొన్ని పదుల మందే. చాలాకాలం కొన్ని నగరాల్లో ఉద్యోగ ప్రకటనల్లాంటివాటికే డబ్బు తీసుకుంది. కారు అమ్ముకునే మామూలు మనిషిని 5 డాలర్లు అడగడం 2019లో మొదలైంది.

ప్రశ్న: అంత ఆదాయం పోతుంటే పత్రికలు తామే సైట్లు పెట్టుకోవచ్చుగా?

జవాబు: పెట్టినవాళ్లు బాగుపడ్డారు. నార్వే పత్రికల సంస్థ షిబ్‌స్టెడ్ 2000లోనే ఫిన్ అనే క్లాసిఫైడ్స్ సైట్ పెట్టింది. 2003లో స్వీడన్‌లోని అలాంటి సైట్ బ్లాకెట్‌ను కొనేసింది, 2006లో అదే పద్ధతిలో ఫ్రాన్స్‌లో లెబాంక్వాన్‌ను మొదలుపెట్టించింది. సొంత పేపరు ఆదాయాన్ని సొంత సైటే తింటుందని తెలిసే చేశారు. ఆ సంస్థ నుంచి విడిపోయిన అడెవింటా తర్వాత అమెరికా ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీ ఈబే క్లాసిఫైడ్స్ విభాగం మొత్తాన్ని 920 కోట్ల డాలర్లకు కొన్నది. బ్రిటన్‌లో ఆటో ట్రేడర్ 1977లో కార్ల ప్రకటనల పత్రికగా పుట్టి, 2013లో అచ్చు ఆపేసి, సైట్‌గానే బతుకుతోంది. మిగతావాళ్లు? మా మేనేజర్లలాగే, ‘ఈ ఏడాది లెక్కలు బాగానే ఉన్నాయిగా’ అన్నారు.

ప్రశ్న: నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్ కన్నా మంచి సైట్ తయారు చేయగలను. నాకు అవకాశం ఉందా?

జవాబు: సైట్ చేయడం ఇందులో చిన్న పని. అమ్మేవాడు కొనేవాళ్లున్న చోటికే వస్తాడు, కొనేవాడు సరుకున్న చోటికే వస్తాడు. ముందు ఎవర్ని పిలుస్తారు? ఈబే కిజిజీ అనే క్లాసిఫైడ్స్ సైట్‌ను కెనడాలో 2005లో పెడితే అక్కడ అదే పెద్ద సైట్ అయింది. అదే పేరుతో 2007లో అమెరికాలో దిగితే క్రెయిగ్స్‌లిస్ట్‌ను కదిలించలేకపోయింది. కంపెనీ అదే, డబ్బుకు కొదవ లేదు. జనం అప్పటికే ఒకచోట చేరి ఉన్నారు, అంతే తేడా. ఫేస్‌బుక్‌కు ఆ బాధ లేదు, 2016లో మార్కెట్‌ప్లేస్ పెట్టేనాటికే జనం దాని దగ్గరున్నారు. ఫేస్‌బుక్‌కు మార్కెట్‌ప్లేస్‌ను ముడిపెట్టినందుకు యూరోపియన్ కమిషన్ 2024లో ఫేస్‌బుక్ యజమాని మెటాకు దాదాపు 80 కోట్ల యూరోల జరిమానా వేసింది.

కాబట్టి అన్నీ అమ్మే సైట్ జోలికి పోకండి. పాత వయొలిన్లు, కెమెరా లెన్సులు, వాడిన ల్యాబ్ పరికరాలు, ఇలా ఒక్కటి పట్టుకోండి. లెన్సులో ఫంగస్ ఉందా అన్న గడి పెద్ద సైట్‌లో ఉండదు, మీ దాంట్లో పెట్టొచ్చు. మొదటి ప్రకటనలు మీరే ఒక్కొక్కరికీ ఫోన్ చేసి సంపాదించాలి. విసుగు పుట్టే పని, కోడ్ రాయడమంత సరదాగా ఉండదు. ‘మీ సైట్ చూసి ఫోన్లు వస్తున్నాయి, మాది పైన పెట్టండి’ అని ఒక దుకాణం తనంతట తాను అడిగేదాకా రేటు మాట ఎత్తకండి.

ప్రశ్న: ప్రకటన చూసి ఒకడు నా ఫ్రిజ్ చూడకుండానే పూర్తి డబ్బు పంపుతానంటున్నాడు. ఒక లింకు నొక్కి కార్డు వివరాలు ఇవ్వమంటున్నాడు. ఇవ్వొచ్చా?

జవాబు: వద్దు. నిజంగా కొనేవాడు ముందు తలుపు తెరిచి చూపించమంటాడు, ఆ తర్వాత బేరమాడతాడు. ఆ ఖాతాను సైట్‌లో రిపోర్ట్ చేసి, ఫ్రిజ్ ప్రకటన అలాగే ఉంచండి.